పామాయిల్ వాడటం మానేస్తే ఉష్ణమండల అడవులు మిగులుతాయా?

ఈ ప్రశ్న అడిగినవారు మూడు సంగతులు కలిపి అడిగారు. ఉష్ణమండల అడవులను ఎవరు, ఎందుకు నరుకుతున్నారు? దానివల్ల అక్కడివాళ్లకు, మనకు జరిగే నష్టం ఏమిటి? పామాయిల్ మానేస్తే ఆగుతుందా? ప్రపంచంలోని అడవులన్నిటి గురించి చెప్పగల చదువు నాకు లేదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, రియావు రాష్ట్రంలో, ఒక పామాయిల్ మిల్లులో యంత్రాల నిర్వహణ ఇంజినీరుగా కొన్నేళ్లు పనిచేశాను. మా ఊరు పెదవేగి దగ్గర. మా నాన్నగారు పొగాకు తీసేసి పామాయిల్ మొక్కలు నాటిన తొలితరం రైతుల్లో ఒకరు. ఒకే చెట్టును రెండు చోట్లా దగ్గరగా చూశాను కాబట్టి ఆ అనుభవంతోనే జవాబిస్తున్నాను.

ముందు మూడో ప్రశ్న. మానేస్తే ఆగదు. హెక్టారుకు పామాయిల్ సగటున మూడు టన్నులకు పైగా నూనె ఇస్తుంది. సోయా అర టన్నుకు అటూ ఇటూ ఇస్తుంది. అందరం ఒక్కసారిగా సోయాకు మారితే అంతే నూనె కోసం ఇంకెన్నో రెట్ల భూమి కావాలి, ఆ భూమి బ్రెజిల్‌లోనో అర్జెంటీనాలోనో ఎక్కడో తెగుతుంది. గొడవంతా చెట్టును ఏ నేల మీద నాటారన్న దగ్గర ఉంది. మా ఊళ్లో ఆ మొక్క పొగాకు చేలలో, చెరకు తోటల్లో, మెట్ట భూముల్లో పెరిగింది. రియావులో చాలాచోట్ల అడవి కింద నీటిలో నానుతున్న పీట్ నేలలో పెరిగింది. ఈ తేడా అర్థమైతే మిగతా కథ సులువుగానే అర్థమవుతుంది.

పీట్ అంటే మట్టి కాదు. రాలిన ఆకులు, కొమ్మలు, కూలిన మానులు నీటిలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుపోయిన పొర. రియావు తీరప్రాంతాల్లో కొన్నిచోట్ల ఇది పది మీటర్లకు పైగా లోతు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే నల్లగా, తడిగా ఉంటుంది, పిండితే నీళ్లు కారతాయి, మధ్యలో ఇంకా గుర్తుపట్టగలిగే కర్రముక్కలు వేళ్లకు తగులుతాయి. మొక్క నాటాలంటే ముందు ఆ నీళ్లు తీసేయాలి. అందుకు కాలువలు తవ్వుతారు. కాలువ తవ్విన రోజే అడవి చావు మొదలైనట్టు, చెట్లు నరకడం ఆ తర్వాతి పని. నీళ్లు దిగిపోయిన పీట్‌కు గాలి తగులుతుంది, కుళ్లడం మొదలవుతుంది, వేల ఏళ్లు దాచుకున్న కార్బన్ గాలిలోకి పోతుంది. నేల కుంగుతుంది. మొదటి కొన్నేళ్లలోనే మీటరు దాకా, ఆ తర్వాత ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున. పాత పీట్ తోటల్లోకి వెళితే చెట్లు వరస తప్పి వాలిపోయి ఉంటాయి, వేర్ల మోపు నేలమీద మోకాలెత్తున బయటపడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు తుఫాను వచ్చిందేమో అనుకున్నాను. నేలే కిందికి పోయిందని మా ఫోర్‌మన్ చెప్పారు.

ఇక ఎవరు నరికారన్న సంగతి. దీనికి ఒకే దొంగను చూపించేవాళ్లను నేను నమ్మను. రియావులో ఇది వరసగా జరిగింది. అధ్యక్షుడు సుహార్తో కాలంలో కలప కంపెనీలకు లక్షల హెక్టార్ల అడవిని అనుమతుల మీద ఇచ్చారు. వాళ్లు విలువైన మానులు తీసుకుని దారులు వేసి వెళ్లారు. తర్వాత కాగితపు గుజ్జు మిల్లులు వచ్చి మిగిలిన సహజ అడవిని నరికి, ఆ జాగాలో అకేసియా నాటాయి. అదే కాలంలో ప్రభుత్వమే జావా నుంచి భూమిలేని కుటుంబాలను తీసుకొచ్చి, పెద్ద తోటల పక్కన ఇంటికి రెండు హెక్టార్ల చొప్పున పామాయిల్ కేటాయించింది. వాళ్లు బాగుపడటం చూసి ఉత్తర సుమత్రా నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం సొంతంగా వచ్చారు. కలప లారీల కోసం వేసిన దారి వెంబడే లోపలికి పోయారు. ఇవాళ ఇండోనేషియా పామాయిల్ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతులదే.

బోర్నియో దీవిలో ఇండోనేషియా భాగమైన కలిమంతాన్‌లో జరిగింది ఇంకా ఘోరం. బియ్యంలో స్వయం సమృద్ధి సాధించాలని 1995-96లో సుమారు పది లక్షల హెక్టార్ల పీట్ అడవిలో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించారు. పీట్ నేల వరికి పనికిరాదని తేలేసరికి పథకాన్ని ఎత్తేశారు. వరి పండలేదు, కాలువలు మాత్రం మిగిలిపోయాయి. 1997-98 ఎల్ నినో కరువులో ఎండిపోయిన ఆ నేల తగలబడింది, ఆ తర్వాత కరువు వచ్చిన ప్రతిసారీ తగలబడుతూనే ఉంది.

చిన్న రైతు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి చూసేవాళ్లు అతన్ని తేలిగ్గా తిట్టేస్తారు. మా మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే ఒకాయనను పెద్దరికం కొద్దీ అందరం పాక్ అని పిలిచేవాళ్లం. జావా నుంచి తల్లిదండ్రులతో చిన్నప్పుడే వచ్చినవాడు. ఆయనకు అడవి అంచున రెండు హెక్టార్లు ఉంది. పట్టా లేదు. ఊరి పెద్ద సంతకం చేసిన కాగితం ఒకటి ఉంది. అటవీశాఖ పటంలో ఆ భూమి అడవి, ఊరి కాగితంలో ఆయనది, జిల్లా కార్యాలయంలో ఇంకో రకంగా ఉండేది. ఆ రెండు హెక్టార్ల మీదే ఇద్దరు పిల్లలను రియావు రాజధాని పెకన్‌బారులో కాలేజీకి పంపాడు. పంచాయతీ కాగితాలతో, బి-ఫారం పట్టాలతో కుస్తీపట్టిన కుటుంబం నుంచి వచ్చినవాణ్ని, ఆయనను దొంగ అనడం నా వల్ల కాలేదు. పట్టా లేనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, అప్పు లేనివాడు యంత్రం పెట్టి పొదలు తీయించలేడు. ఆ స్థితిలో ఉన్నవాడికి మిగిలే పనిముట్టు అగ్గిపుల్ల. పైగా పీట్‌కు పులుపు (ఆమ్లగుణం) ఎక్కువ, కాల్చిన బూడిద ఆ పులుపును కొంత విరుస్తుంది. అగ్గి పెట్టడం చవక, నేలకు మొదటి ఎరువు కూడా అదే. యంత్రాలు, అనుమతులు, న్యాయవాదులు అన్నీ ఉన్న పెద్ద తోటలు కాలువలు తవ్వి నేలను ఎండబెట్టడాన్ని మాత్రం నేను ఇంత తేలిగ్గా క్షమించను. పొడిబారిన నేల లేకపోతే ఆ అగ్గి అంత దూరం పోదు.

మిల్లు లోపలి నుంచి కనిపించిన ఒక సంగతి వార్తల్లో పెద్దగా రాదు. పామాయిల్ గెల కోసిన 24 గంటల్లో ఆవిరిలో ఉడకాలి. ఆలస్యమైతే కాయలో నూనె విరిగి ఆమ్లం పెరుగుతుంది, ధర పడిపోతుంది. గోదావరి జిల్లాల రైతులకు ఇది నేను చెప్పనక్కర్లేదు. అందువల్ల మిల్లు తోటకు దగ్గర ఉండక తప్పదు, తోట మిల్లు చుట్టూ పెరగక తప్పదు. అడవి అంచున కొత్త మిల్లు ఒకటి లేచిందంటే, లారీ రోజులో వెళ్లి రాగలిగినంత మేర అడవికి గడువు మొదలైనట్టే. సొంత తోట లేకుండా బయటి గెలలు మాత్రమే కొనే మిల్లులు ఇంకా ప్రమాదం. అవి పగలూ రాత్రీ ఆకలితో ఉంటాయి.

లారీలను తూచే మా తూకం వంతెన (వేబ్రిడ్జి) దగ్గర నేను చాలా గంటలు నిలబడ్డాను, బరువు కొలిచే లోడ్ సెల్ చెడిపోవడం మామూలే కాబట్టి. లారీ వచ్చి ఆగుతుంది. డ్రైవరు చీటీ ఇస్తాడు. చీటీ మీద గెలలు పంపిన దళారి పేరు ఉంటుంది, వాళ్లు తౌకే అంటారు. పది, పదిహేను మంది రైతుల గెలలు ఒకే లారీలో కలిసిపోయి ఉంటాయి. ఏ గెల ఏ చెట్టుదో ఆ చీటీలో ఉండదు. తూకం అయ్యాక ర్యాంపు మీద దింపుతారు, నేషనల్ పార్కు లోపల కోసిన గెల, పట్టా ఉన్న తోటలో కోసిన గెల పక్కపక్కనే దొర్లి ఒకే ఉడుకు డ్రమ్ములోకి వెళతాయి. అక్కడి నుంచి బయటికి వచ్చే ఎర్రటి నూనెను ఏ ప్రయోగశాలా విడదీసి చెప్పలేదు. ఇది ఊహ అనుకోకండి. రియావులోనే తెస్సో నీలో నేషనల్ పార్కు ఉంది. సుమత్రా ఏనుగుల కోసం 2004లో ప్రకటించి, 2009లో 80 వేల హెక్టార్లు దాటేలా పెంచారు. దానిలో ఎక్కువ భాగం ఇవాళ అక్రమ పామాయిల్ తోటే. ఏనుగులు తమ దారిలో తాము నడిచినా ఎవరి తోటలోకో పోయినట్టే అవుతోంది.

నష్టం గురించి అడిగారు. 2015 నాకు ఇప్పటికీ ఊపిరితిత్తుల్లో ఉంది. ఎల్ నినో వల్ల వానలు ఆగిపోయాయి. పీట్ మంట ఆకాశానికి లేచే మంట కాదు, పిడకలాగా లోపల లోపల రగులుతుంది. పైన పచ్చగడ్డి ఉంటుంది, బూటు అడుగున వేడి తెలుస్తుంది, పది అడుగుల అవతల నేల బీటలోంచి పొగ వస్తుంది. మంటలార్పే మనుషులు గొట్టం చివరను నేలలోకి దించి నీళ్లు కొడుతుంటే ఆవిరి బుస్సుమని లేచేది, గొట్టం పక్కకు తీయగానే ఇంకో చోట పొగ. కాలువల్లో నీళ్లు అడుగంటాయి, పంపు పెట్టడానికి చోటు లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి మిల్లులో లైట్లు వేసుకున్నాం. పెకన్‌బారు విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది, బడులు వారాల తరబడి మూతపడ్డాయి. క్వార్టర్స్‌లో ఒక పసిపాపకు తల్లి తడిబట్ట ముఖం మీద పట్టుకుని రాత్రంతా కూర్చునేది. గాలి కాలుష్య సూచీ 300 దాటితే ప్రమాదకరం అంటారు. కలిమంతాన్‌లోని పలంకరాయలో అది దాదాపు 2,000కు చేరింది. ఆ ఏడాది మొత్తం దేశంలో 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయని, నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కకట్టింది. మంటలు బాగా ముదిరిన రోజుల్లో వాటినుంచి వెలువడిన వాయువులు అమెరికా మొత్తం ఒక్కరోజులో వెలువరించే వాటిని మించిపోయాయి. పొగ సింగపూర్, మలేషియాల మీదికి పోయాక ప్రపంచ వార్త అయింది. దాన్ని మొదట పీల్చినవాళ్లు రియావు, జంబి, కలిమంతాన్ పల్లెల వాళ్లు.

పొగ పోయాక కనిపించని నష్టాలు మిగులుతాయి. వానాకాలంలో స్పాంజిగా నీళ్లు పట్టుకునే నేల కుంగిపోయింది కాబట్టి తీరం పక్క ఊళ్లలో వరద నీళ్లు ఇంకా లోపలికి వస్తున్నాయి. కుంగుతూ కుంగుతూ సముద్రమట్టానికి చేరిన తోటలో కాలువ నీళ్లు పోవడానికి వాలు ఉండదు. అంటే అడవిని చంపి పెట్టిన తోట కూడా కొన్ని దశాబ్దాలకు మునగక తప్పదు. కంపెనీ లెక్కల్లో ఇది ఎక్కడా కనిపించదు.

ఆపే ప్రయత్నాలు జరగలేదని మాత్రం అనకండి. నాకు కోపం వచ్చేది ఆ మాట విన్నప్పుడే. 2011లో ఇండోనేషియా ప్రాథమిక అడవులకు (ఇంతవరకు నరకని సహజ అడవులకు), పీట్ నేలలకు కొత్త అనుమతులు ఇవ్వడం నిలిపేసింది, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. 2013లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం సంప్రదాయ తెగల అడవులు ప్రభుత్వ అడవులు కావని తీర్పు ఇచ్చింది. 2015 మంటల తర్వాత, 2016 జనవరిలో, పీట్ పునరుద్ధరణ సంస్థను పెట్టి 20 లక్షల హెక్టార్లు లక్ష్యంగా ఇచ్చారు. తోటల్లో నీటిమట్టం నేల పైభాగం నుంచి 40 సెంటీమీటర్లకు మించి కిందికి దిగకూడదని నియమం తెచ్చారు.

ఆ నియమం అమలు ఎలా ఉంటుందో మా పక్క తోటలో చూశాను. కాలువకు అడ్డంగా దుంగలు రెండు వరసలుగా పాతి, మధ్యలో మట్టి బస్తాలు నింపి అడ్డుకట్టలు కట్టారు. తోటలో అక్కడక్కడ గొట్టాలు దించి, కుర్రాళ్లు కర్ర గీటుతో నీళ్ల లోతు కొలిచి పుస్తకంలో రాసేవారు. కొన్నిచోట్ల రాత్రికి రాత్రే ఎవరో ఆ కట్టలు తెగ్గొట్టేవారు. కాలువే ఊరివాళ్లకు పడవ దారి, గెలలు మోసే దారి. అది తెలిశాక కట్ట మధ్యలో పడవ జారి దాటే చిన్న పల్లం వదిలి కట్టడం మొదలుపెట్టారు, ఆ కట్టలు నిలబడ్డాయి. ఎండాకాలానికి గట్టు పక్క నీళ్లు మిగిలాయి. 2019లో మళ్లీ కరువు వచ్చి మళ్లీ పొగ కమ్మింది, అది నిజమే. అయినా దేశం మొత్తం మీద 2016లో తొమ్మిది లక్షల హెక్టార్లకు పైగా పోయిన ప్రాథమిక అడవి 2021 నాటికి ఏటా రెండు లక్షల హెక్టార్ల స్థాయికి తగ్గింది. తర్వాత కాస్త పెరిగింది, పాత స్థాయికి మాత్రం పోలేదు. బ్రెజిల్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా తెగిన అడవి 2012లో నాలుగున్నర వేలకు దిగింది. ఉపగ్రహ నిఘా, జరిమానాలు, కొత్తగా అడవి నరికిన భూమిలో పండిన సోయాను కొనబోమని 2006లో వ్యాపారులు పెట్టుకున్న నియమం కలిసి పనిచేశాయి. ప్రభుత్వం మనసు మార్చుకున్నాక మళ్లీ పెరిగింది. 2024లో ప్రపంచ ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ప్రాథమిక అడవి పోయింది, దాదాపు సగం మంటలకే. ఆపడం ఎలాగో తెలుసు. తెలిసినదాన్ని ఏటా చేస్తూ ఉండటమే కుదరడం లేదు.

ఇప్పుడు మన వంతు. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే. ఏటా 80 లక్షల టన్నులకు అటూ ఇటూ, ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా కొన్ని వారాలు ఎగుమతి ఆపితే మన వంటనూనె ధరలు ఎలా ఎగిరాయో గుర్తుందిగా. మిర్చి బజ్జీ మూకుడులో, బిస్కెట్ పొట్లంలో, ఒంటి సబ్బులో, వనస్పతిలో అదే. ఐరోపా 2023లో ఒక చట్టం చేసింది, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన సరుకు తమ దగ్గరికి రాకూడదని. అమలును వాయిదాలు వేస్తున్నారు, చిన్న రైతులకు కాగితాల భారం అవుతుందన్న అభ్యంతరంలో నిజం ఉంది. ఐనా ఆ చట్టం మాట వచ్చాకే మా తూకం వంతెన దగ్గర తోట ఎక్కడుందో అడగడం మొదలైందని, ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్న మిత్రులు చెబుతున్నారు. మన దేశం వైపు వెళ్లే ట్యాంకర్ల విషయంలో పెద్దగా ఎవరూ ఏమీ అడగరు. అడిగే కొనుగోలుదారుకు శుభ్రమైన నూనె, అడగనివాడికి మిగతాది. ఈ ఏర్పాటు మనకు అవమానం అని నేను అనుకుంటున్నాను. ఇంట్లో మీరు వేరుశనగ నూనె వాడినా మంచిదే, నువ్వుల నూనె వాడినా మంచిదే, ఒంటికి మేలు. అడవికి మేలు జరగాలంటే మాత్రం పెద్దమొత్తంలో కొనే నూనె కంపెనీలను, బిస్కెట్, సబ్బు కంపెనీలను, దిగుమతి నియమాలు రాసే ప్రభుత్వాన్ని అడగాలి. ఏ మిల్లు నుంచి వచ్చింది, ఆ మిల్లు ఏ తోటల నుంచి కొంది? ఈ రెండు వివరాలు బయటపెట్టమని అడగడం వినియోగదారుల సంఘాలు చేయగల పని.

వ్యాఖ్యల్లో ఒకరు మన గోదావరి, ఖమ్మం తోటలు కూడా అడవిని మింగినవే కదా అన్నారు. పెదవేగి, ద్వారకా తిరుమల, అశ్వారావుపేట, దమ్మపేట వైపు నేను చూసినంతవరకు ఎక్కువ తోటలు సాగుభూముల్లోనే వచ్చాయి. ఎకరానికి 57 మొక్కలు, మొదటి మూడునాలుగేళ్లు మధ్యలో మొక్కజొన్న, అరటి, తర్వాత నీడలో కోకో. మన సమస్య నీళ్లు. సుమత్రాలో వాన పోసే నీళ్లను మనం బోరుతో తోడాలి, ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల దాకా కావాలి. డ్రిప్పు లేకుండా, నేల తడి చూసుకోకుండా విస్తరిస్తే బోర్లు ఎండిపోతాయి. అది వేరే నష్టం, దాని గురించి మాట్లాడుకోవాల్సిందే.

నాకు భయం ఈశాన్యం గురించి. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన పామాయిల్ మిషన్ ఈశాన్య రాష్ట్రాలకు, అండమాన్‌కు ప్రత్యేక ప్రాధాన్యం ఇచ్చింది. అక్కడ వాన ఉంది కాబట్టి చెట్టు బతుకుతుంది. అయితే కాగితం మీద బీడు అని రాసిన నేల చాలాచోట్ల పోడు తిప్పుతూ మళ్లీ అడవి కావడానికి వదిలిన నేల. కొండ వాలు, దూరం దూరం ఊళ్లు, వానల్లో తెగిపోయే రోడ్లు. 24 గంటల్లో గెల మిల్లు చేరకపోతే రైతు ఏమైపోతాడో మిజోరంలో గెలలు తోటల్లోనే కుళ్లబెట్టుకున్నవాళ్లను అడిగితే చెబుతారు. మిల్లు, రోడ్డు, ధర హామీ లేకుండా మొక్కలు పంచితే ఇటు అడవీ పోతుంది, అటు రైతూ మునుగుతాడు. గోదావరి జిల్లాల నుంచి నర్సరీ మొక్కలు, సలహాలు అక్కడికి వెళుతున్నాయి కాబట్టి ఇది మన మాటకు కొంత విలువ ఉన్న చోటు. అక్కడికి సలహాదారుగా వెళ్లే మా ఊరి వాళ్లకు నేను చెబుతున్నది ఒక్కటే. మొక్క ఎన్ని ఎకరాల్లో పడుతుందని లెక్క వేసే ముందు, ఆ నేల మీద పదేళ్ల క్రితం ఏముందో ఊరివాళ్లను అడిగి, ఉపగ్రహ చిత్రంలో చూసి, అడవి అయితే ఆ సర్వే నంబరును జాబితాలోంచి కొట్టేయండి.